ముందు అవతలి మనిషిని మాట్లాడనివ్వు

తమ్ముడూ,

ఎముక మజ్జ ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్తున్నవాళ్లకి తోడుగా మాట్లాడటానికి ఒప్పుకున్నావని తెలిసి సంతోషించాను. ఎనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి అడక్కపోయినా చెబుతున్నాను.

మొదటి ఫోన్‌లోనే నీ కథంతా విప్పకు. నేను ఆ తప్పు చేశాను. నాకు నా కణాలే, అంటే రక్తాన్ని తయారుచేసే మూలకణాలే, తీసి, దాచి, తిరిగి ఎక్కించారు. అవతలి ఆవిడకి వాళ్ల అన్న కణాలు. మూడు వారాల్లో ఇంటికొచ్చేశానని గొప్పగా చెప్పేశాను. ఆవిడ ఆరో వారంలో కూడా ఆసుపత్రిలోనే ఉంది. దాత కణాలు ఆవిడ ఒంటి మీదే తిరగబడి చర్మమంతా దద్దుర్లు. "నాకే ఎందుకిలా ఆలస్యమవుతోంది?" అని అడిగితే నోట మాట రాలేదు. ఇప్పుడు ముందుగా అడిగేది ఒక్కటే: కణాలు మీవేనా, ఇంకొకరివా?

ఎక్కించే రోజు గురించి మాత్రం చెప్పు. ఏదో పెద్ద ఆపరేషన్ అనుకుంటారు. తీరా చూస్తే రక్తం ఎక్కించినట్టే, ఒక సంచి, ఒక గొట్టం. గడ్డకట్టించి దాచిన కణాలైతే అందులో కలిపిన మందు వల్ల గదంతా వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. ముందే తెలిస్తే కంగారు పడరు.

ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు కౌంట్ల కోసం, అంటే రక్తకణాల సంఖ్య పెరగడం కోసం, ఎదురుచూపే. "ఈరోజు కౌంట్ ఎంత?" అని నువ్వు అడక్కు. పొద్దుటినుంచి చుట్టాలందరూ అడిగేది అదే. నోటి పుళ్లతో మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టు, జవాబు అక్కర్లేదని కూడా రాయి.

మందుల జోలికి పోకు. జ్వరం 100.4 డిగ్రీలకి చేరిందని చెబితే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయమని చెప్పి పెట్టేయి. నీకు జలుబుంటే చూడటానికి వెళ్లకు.

అసలు ఎక్కువ ఫోన్ చేయాల్సింది ఇంటికొచ్చాక. కణాలు ఎక్కించాక వందో రోజు దాటేసరికి అందరూ నయమైపోయిందనుకుని పలకరించడం మానేస్తారు. మనిషికేమో స్నానం చేసొస్తే ఆయాసం, చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ మొదలు. ఇంట్లో చూసుకునేవాళ్లని కూడా పలకరించు. వాళ్లనెవరూ అడగరు.

కొందరు దక్కరు. అలాంటి రోజు ఒక్కడివే కూర్చోకు. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.

అక్క