మంగలికత్తికి బాల్సా పట్టీ: చెక్క మీద నేరుగా పేస్టు రాసేయొచ్చా?

రాయకూడదు. బాల్సా అంటే చాలా తేలికైన, మెత్తటి చెక్క. దాన్ని పదును పెట్టే పట్టీగా వాడాలంటే, పూర్తిగా చదును చేశాకే డైమండ్ పేస్టు (సన్నటి వజ్రపు పొడి కలిపిన ముద్ద) పట్టించాలి. పదును పెట్టేటప్పుడు కత్తి వీపూ అంచూ రెండూ ఒకేసారి చెక్కకు ఆనాలి. గుంట ఉన్నచోట అంచుకు పదునెక్కదు, మిట్ట ఉన్నచోట అంచు గుండ్రబడిపోతుంది. పైగా చెన్నై ఉక్కపోతకు పలచటి బాల్సా తేమ పీల్చి వంగుతుంది. మందపాటి అక్రిలిక్ పలకకు అంటించి తీరాలి.

ఉదాహరణకు 3 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ముక్క ఉందనుకోండి. దాని మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, మందపాటి గాజుపలకపై పరిచిన 400 నంబరు ఎమరీ కాగితం మీద ఆ గీతలు ఒక్కటీ మిగలకుండా రుద్దండి. పొడి దులిపి, 0.5 మైక్రాన్ (వజ్రపు రేణువుల సైజు) పేస్టు చిన్న చుక్కలుగా పెట్టి వేలితో ఇంకించండి. లాగేటప్పుడు వీపు ముందు, అంచు వెనక. కత్తి బరువు తప్ప చేతి ఒత్తిడి వద్దు.

పేస్టు ఎంత ఎక్కువైతే అంత పదును అనుకుంటారు చాలామంది. పైన పేరుకున్న పేస్టు అంచును మొద్దుబారుస్తుంది.