పచ్చ లైటు చూసి లేచి వెళ్లిపోకు

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. కొత్త ఈ1 లైన్ (ఒకేసారి ముప్పై ఫోన్ కాల్స్ మోసే డిజిటల్ లైన్) పైకి వచ్చింది, లైటు పచ్చగా ఉంది, అలారం ఒక్కటీ లేదు. "పని అయిపోయిందన్నయ్యా" అని కింద రాశావు. అదే స్క్రీన్‌లో స్లిప్ కౌంటర్ దగ్గర 7 అని ఉంది. దాన్ని నువ్వు చూడలేదు.

ఈ1లో సెకనుకు 8000 ఫ్రేములు (డేటా కట్టలు) వెళ్తాయి, అంటే ఒక్కో ఫ్రేముకు 125 మైక్రోసెకన్లు. నీ స్విచ్ (కాల్స్ కలిపే పరికరం) తన క్లాక్ తో, అంటే బిట్లు ఎంత వేగంగా పంపాలో చెప్పే గడియారంతో, అవతలి పరికరం తన క్లాక్ తో నడుస్తున్నాయనుకో. ఆ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. తేడా కొంచెం కొంచెం పోగై ఒక ఫ్రేమంత అయ్యేసరికి, స్విచ్ ఒక ఫ్రేమును పారేస్తుంది, లేదా ఉన్నదాన్నే రెండోసారి పంపిస్తుంది. అదే స్లిప్. తేడా పది లక్షల్లో ఒక వంతే ఉన్నా 125 సెకన్లకు ఒకటి పడుతుంది.

ఈ లెక్క నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కస్టమర్ "ఫోన్లు బాగానే ఉన్నాయి, ఫ్యాక్సులే సగంలో ఆగిపోతున్నాయి" అని రోజూ గొడవ. కేబుల్ మార్చాను, కార్డు మార్చాను, పోర్టు మార్చాను. మూడో రాత్రి ఇక ఏం చెయ్యాలో తోచక, చేతి గడియారం బల్ల మీద పెట్టుకుని కౌంటర్ వైపు చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలు దాటగానే ఒకటి. మళ్లీ రెండు నిమిషాలు దాటగానే ఇంకొకటి. చూస్తే రెండు వైపులా క్లాక్ 'ఇంటర్నల్' అని ఉంది, అంటే ఎవరి గడియారం వాళ్లదే. ఒక వైపు 'లైన్' అని, అంటే అవతలి క్లాక్‌నే అనుసరించేలా, మార్చగానే కౌంటర్ ఆగిపోయింది. మాట్లాడేవాళ్లకు ఒక ఫ్రేము పోతే చిన్న టిక్కు, అంతే. ఫ్యాక్సుకు, డేటాకు అలా కుదరదు.

కాబట్టి లైన్ పైకి తెచ్చేముందు నీ మొదటి ప్రశ్న ఇదే కావాలి: క్లాక్ ఎవరిస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు? ఒకే లైనైతే సులువు. నీ స్విచ్‌కి చాలా లైన్లున్నాయి కనుక ఏ లైన్ నుంచి క్లాక్ తీసుకోవాలో, అది పోతే రెండోది ఏదో ముందే రాసిపెట్టుకో. నువ్వు ఎవరికి క్లాక్ ఇస్తున్నావో వాళ్ల దగ్గరి నుంచే మళ్లీ తీసుకోకు. రెండు స్విచ్‌లూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతాయి, తప్పెక్కడుందో పట్టుకోవడం నరకం. వేర్వేరు ప్రైమరీ రిఫరెన్స్ క్లాక్‌ల (నెట్‌వర్క్ అంతటికీ ఆధారమైన అతి ఖచ్చితమైన గడియారాల) మీద సరిగ్గా నడిచే రెండు నెట్‌వర్క్‌ల మధ్య, మరీ అధ్వాన్నంగా చూసుకున్నా, స్లిప్ 72 రోజులకు ఒకటి పడాలి. నీకు పూట గడవకుండానే ఏడు!

మిగతా సెట్టింగులు ఒకసారి సరిచూసుకుంటే చాలు. లైన్ కోడింగ్ (బిట్లను తీగ మీద పల్స్‌లుగా పంపే పద్ధతి) రెండు వైపులా హెచ్‌డీబీ3 ఉండాలి. ఒకవైపు ఏఎంఐ అనే ఇంకో పద్ధతి ఉన్నా లైటు పచ్చగానే వెలగొచ్చు, వరుసగా సున్నాలు వచ్చినప్పుడే ఎర్రర్లు బయటపడతాయి. సీఆర్‌సీ4 (ఎర్రర్లు పట్టుకునే తనిఖీ) పెడితే రెండు చోట్లా పెట్టు. కోయాక్స్ కేబుల్ అయితే ఇంపెడెన్స్ 75 ఓమ్‌లు, జత తీగలైతే 120. ఒక్కో ఫ్రేములో 0 నుంచి 31 దాకా టైమ్‌స్లాట్లు (గళ్లు) ఉంటాయి. టైమ్‌స్లాట్ 0 ఫ్రేమింగ్‌ది, అంటే ఫ్రేము ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడానికి, దాన్ని ముట్టుకోలేవు. సిగ్నలింగ్ (కాల్ కలపమని, తెంచమని చెప్పే కబుర్లు) ఉన్న లైన్‌లో 16 కూడా నీది కాదు. ఇక్కడ ఒక తిరకాసుంది. 16వ వాయిస్ ఛానల్ వెళ్లేది టైమ్‌స్లాట్ 17లో. అవతలివాళ్లు "పదిహేడు" అంటే ఛానలా, స్లాటా అని అడిగి తీరాలి.

అలారం వస్తే కంగారు పడకుండా అది ఏం చెబుతోందో చూడు. ఎల్‌ఓఎస్ అంటే నీకు సిగ్నలే అందడం లేదు. ఏఐఎస్ అంటే నీ పక్కనున్న పరికరం బాగానే ఉంది, దాని వెనకాల ఎక్కడో తెగింది. ఆర్‌ఏఐ వస్తే, వినపడనిది నీకు కాదు, అవతలివాళ్లకు. నీ వైపు నుంచి వెళ్లే జత చూసుకో. ఇది తెలియక ఎంతమంది రిసీవ్ కేబుల్ మీద గంటలు పోగొట్టారో!

లూప్‌బ్యాక్ టెస్ట్ (పంపిన సిగ్నల్‌ను వెనక్కి తిప్పి చూడటం) నీకు దగ్గరగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టి దూరంగా జరుపుకుంటూ వెళ్లు. ముందు నీ పోర్టు, తర్వాత లైన్ వాళ్ల (లైన్ ఇచ్చిన కంపెనీ) పెట్టె, ఆ తర్వాత అవతలి ఎండ్. లూప్ వేసిన ప్రతిసారీ టైము కాగితం మీద రాసుకుని, తీసేశాక కొట్టెయ్యి. మర్చిపోయిన లూప్ వల్ల తెల్లవారుజామున నిద్ర లేచిన రోజులు నాకూ ఉన్నాయి.

లైన్ తీసెయ్యాలంటే ముందు దాని మీదున్న కనెక్షన్లన్నీ తీసెయ్యి. కనెక్షన్లు ఉండగా డౌన్ చెయ్యనివ్వని స్విచ్‌లున్నాయి. అది విసుగనిపిస్తుంది కానీ, నిన్ను కాపాడేదీ అదే.

ఇప్పుడు నీ ఎండ్‌లో క్లాక్ సెట్టింగ్ ఏముందో చూసి చెప్పు. లైన్ వాళ్లు క్లాక్ ఇస్తున్నారో లేదో అడగకుండా మాత్రం ఏదీ మార్చకు. మార్చాక కౌంటర్లు క్లియర్ చేసి, 15 నిమిషాల రికార్డులు ఒక రోజుకు సరిపడా, అంటే 96, తీసి పంపు. అన్నిట్లో స్లిప్పులు సున్నా ఉంటే అప్పుడు కస్టమర్‌కి ఫోన్ చెయ్యి.

మీ అన్నయ్య