బీపీ 148/94 వచ్చింది, మాత్రలు లేకుండా తగ్గుతుందా?

మీకు 42 ఏళ్లు, షుగర్ లేదు, ఒకసారి చూపించుకుంటే 148/94 వచ్చింది, మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలని భయపడుతున్నారు. నాకూ దాదాపు ఇవే అంకెలు వచ్చాయండి. డాక్టరుగారు మూడు నెలలు గడువిచ్చారు. ఇప్పుడు మాత్ర లేకుండానే పైఅంకె 130 లోపు ఉంటోంది. అలాగని అందరికీ తగ్గుతుందని చెప్పను.

ముందు ఆ 148 నిజమో కాదో తేల్చుకోండి. మెట్లెక్కి వచ్చి, టోకెన్ కోసం కాసేపు చిరాకుపడి, చొక్కా మీదే పట్టీ కట్టించుకుంటే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. జబ్బకి కట్టే మిషన్ కొనుక్కోండి, మణికట్టుది వద్దు. కాఫీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూసుకోవాలి. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఓ వారం. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి సగటులో పైది 135 గానీ కిందిది 85 గానీ దాటితే బీపీ ఉన్నట్టే. తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, నాకేం బీపీ అనుకోకండి. మా నాన్నగారు అలాగే అనేవారు, పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేర్చినప్పుడే బయటపడింది.

ఇక ఉప్పు. మనిషికి రోజుకి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే చిన్న చెంచాడు. కూరలో వేసేది ఎవరు తూస్తారు? నేను చేసిన పనల్లా ప్యాకెట్ కత్తిరించినరోజు దానిమీద తేదీ రాయడం. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాముల లెక్కన కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మాకు నెల తిరక్కుండానే అయిపోయేది. అదీ ఊరునుంచి వచ్చే ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు లెక్కలో వేయకుండా! పెరుగన్నంలో ఉప్పు మానేశాం, వేపుళ్లలో దించేముందు చల్లుతున్నాం, పప్పులో నిమ్మకాయ పిండుతున్నాం. కొన్నాళ్లు చప్పగానే ఉంటుంది, తర్వాత హోటల్ సాంబారే ఉప్పుకషాయంలా అనిపిస్తుంది. సైంధవ లవణమైతే ఫర్వాలేదనేది ఉత్తమాట, అందులోనూ ఉండేది బీపీ పెంచే సోడియమే. పొటాషియం కలిపిన లో సోడియం ఉప్పు మంచిదే గానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్నడగకుండా వాడకూడదు.

నడక, బరువు సంగతి మీకు తెలిసిందే. కిలో తగ్గితే పైఅంకె సుమారు ఒక పాయింటు దిగుతుందంటారు. మద్యం అలవాటుంటే తగ్గించండి. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి. గ్యాస్‌కి తాగే సోడా పొడిలోనూ సోడియం ఉంటుంది.

చెట్టుమందు కదా, మాత్ర కాదు కదా అని సర్పగంధ జోలికి వెళ్లకండి. అది నిజంగానే బీపీ తగ్గిస్తుంది. ముంబై డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లోనే దానిమీద బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు, 1952లో వేరే శాస్త్రవేత్తలు దాన్నుంచి రెసర్పిన్ అనే మందు తీశారు. అంటే తెలిసో తెలియకో మీరు మింగేది మందే, మోతాదే తెలియదు. మనసు కుంగిపోవడం దానికున్న దుష్ఫలితాల్లో ఒకటి.

160/100 దాటినవాళ్లు, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ఈ మూడు నెలల ప్రయోగం పెట్టుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికెళ్లాలి. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లు సొంతంగా ఆపకూడదు. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. మా తమ్ముడు నాతోపాటే నడిచాడు, అదే వంట తిన్నాడు, అయినా వాడికి 150 దిగలేదు. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకుంటున్నాడు, ఉప్పు మాత్రం ఇప్పటికీ తక్కువే తింటున్నాడు.