చెన్నై ఎండలో పగడాల తొట్టి: పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల మా హాల్లో ఉన్న రీఫ్ ట్యాంక్ (బతికున్న పగడాలు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీళ్ల తొట్టి) గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చెన్నైలో ఇన్ని తెలుగిళ్లలో ఉప్పునీళ్ల తొట్టి పెట్టుకుని, ఎవరిని అడగాలో తెలియక లోపల్లోపల కుస్తీ పడుతున్నారన్నమాట. అన్నిటికీ జవాబివ్వడానికి చోటు లేదు కాబట్టి, ఒకే బాధ పదిమంది రాసినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాను. ముందే చెప్తున్నా, నేను సైంటిస్టుని కాను. వేళచ్చేరిలో తొమ్మిదేళ్లుగా ఈ పిచ్చిలో పడి, చాలా చంపుకుని, కాస్త నేర్చుకున్నవాణ్ణి.

ప్రశ్న: మాది 3 అడుగుల ట్యాంక్, నీళ్లు సుమారు 150 లీటర్లు. ఏడాదిన్నరగా లెదర్ కోరల్, జోవాంతిడ్స్, మష్రూమ్స్ అనే కోరల్ రకాలు బాగానే ఉన్నాయి. ఏప్రిల్ చివర్నుంచి లెదర్ ముడుచుకుపోయింది, మష్రూమ్స్ రంగు పోయి తెల్లబడుతున్నాయి. షాపులో అడిగితే లైట్ చాలట్లేదు పెంచమన్నారు. పెంచాక ఇంకా తెల్లబడ్డాయి. నీళ్లు పరీక్షిస్తే నైట్రేట్ 5 పీపీఎం, ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 8 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం. అన్నీ కరెక్టే కదా, ఇంకేం వెయ్యాలి? (ఐటీ ఉద్యోగి, పెరుంగుడి)

జవాబు: ఏమీ వెయ్యకండి. మీ ఉత్తరంలో అన్ని అంకెలూ ఉన్నాయి గానీ అసలు అంకె లేదు, నీళ్ల వేడి ఎంత? మీరు పొద్దున ఏసీ ఆపేసి, కిటికీలు మూసి, తాళం వేసి ఆఫీసుకి వెళ్తారు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ హాలు ఎలా ఉంటుందో చూసేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం మీరొచ్చి ఏసీ వేసి, తొమ్మిదింటికి థర్మామీటర్ చూస్తే 28 ఉంటుంది, ఫర్వాలేదనుకుంటారు. ఒక ఆదివారం ఇంట్లోనే ఉండి, ఏసీ వెయ్యకుండా మధ్యాహ్నం కొలవండి. 31 దాటి ఉంటుందని నా అనుమానం.

కోరల్ ఒంట్లో కంటికి కనపడని ఆల్గే కాపురం ఉంటుంది, జూజాంథెల్లే అంటారు. వెలుతురు తీసుకుని అది వండిపెడుతుంది, కోరల్ తింటుంది. మనం చూసే గోధుమ, ఆకుపచ్చ ఛాయల్లో చాలావరకు దాని పుణ్యమే. వేడి మితిమీరితే ఆ ఆల్గే వంట చెడి విషం లాంటి ఆక్సిజన్ పుడుతుంది, కోరల్ తట్టుకోలేక దాన్ని బయటికి గెంటేస్తుంది. అదే బ్లీచింగ్. మన్నార్ సింధుశాఖలో 2010లో, 2016లో పగడపు దిబ్బలు తెల్లబడిందీ సముద్రం వేడెక్కడం వల్లే. వెలుతురు ఎక్కువైతే ఆ విషం ఇంకా పెరుగుతుంది, కాబట్టి మీరు లైట్ పెంచడం మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. ఇవాళే సగానికి తగ్గించండి, రంగు రావడం మొదలయ్యాక వారాల మీద మెల్లగా పెంచుకోండి.

తెల్లబడిందంటే చచ్చిందని కాదు, పస్తులుంటోందని అర్థం. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర నిలబడితే చాలావరకు తేరుకుంటాయి, కానీ నెలలు పట్టొచ్చు.

ఇక చల్లబరచడం. నీటి మీదికి చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, బెంగళూరులో అయితే దాంతోనే వేసవి గడిచిపోతుంది. ఇక్కడి గాలిలో తేమ వల్ల ఫ్యాన్ అంతగా పనిచెయ్యదు, పైగా నీళ్లు తెగ ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. మీ 150 లీటర్లలో వారంలో 20 లీటర్లు తగ్గి మీరు పోయకపోతే ఉప్పు 35 నుంచి 40 పీపీటీకి (వెయ్యికి ఇన్ని వంతులని లెక్క) పోతుంది. తగ్గినదానికి ఉప్పునీళ్లు పోసేవాళ్లున్నారు, అయ్యా, అక్కడ పొయ్యాల్సింది ఉప్పులేని శుద్ధమైన నీళ్లు. రోజూ కొంచెం కొంచెంగా పొయ్యాలి. చిల్లర్ (నీళ్లని చల్లబరిచే మెషిన్) కొనగలిగితే కొనండి, కొంటే షాపువాళ్లు చెప్పినదానికన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి, ఎందుకంటే డబ్బా మీద రాసే లెక్క 35 డిగ్రీల గదికి రాసింది కాదు. దాన్ని ట్యాంక్ కింద అలమరాలో మాత్రం పెట్టకండి. అది వదిలే వేడిగాలి అక్కడే తిరిగి అదే నీళ్లను వేడి చేస్తుంది. నేను మొదటి ఏడాది చేసిన ఘనకార్యం అదే, కరెంటు బిల్లు చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ప్రశ్న: మెరీనా బీచ్ మాకు పావుగంట దూరం. అంత సముద్రం పక్కన పెట్టుకుని కిలోల లెక్కన ఉప్పు కొనడం ఎందుకు? మా అత్తగారైతే కల్లుప్పు కలిపితే పోదా అంటున్నారు. (గృహిణి, ట్రిప్లికేన్)

జవాబు: అత్తగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా, కానీ కల్లుప్పు వద్దు. అందులో ఉన్నది దాదాపుగా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాముల పైన, మెగ్నీషియం 1,280 దగ్గర ఉంటాయి. ఉప్పు మళ్లలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు కాల్షియం ముందే కింద పేరుకుపోతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీళ్లతో పోతుంది, మన చేతికొచ్చేది ఆవకాయకి పనికొచ్చే ఉప్పు.

మెరీనా నీళ్ల సంగతంటారా, ఒకపక్క మురికి కూవం నది కలుస్తుంది, రెండోపక్క అడయారు కలుస్తుంది, ఇంతకన్నా నేను చెప్పక్కర్లేదు. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి ఒడ్డున ఉప్పదనం పడిపోతుంది. మెరీన్ సాల్ట్ ప్యాకెట్ కొనుక్కోండి. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు, అంటే 20 లీటర్ల వాటర్ క్యాన్‌కి ముప్పావు కిలో అటూఇటూ. ముందు నీళ్లు, తర్వాత ఉప్పు, లోపల చిన్న పంపు పెట్టి రాత్రంతా తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో 35 చూసుకుని వాడండి. వారానికి పదోవంతు నీళ్లు మారిస్తే ప్యాకెట్ మీరనుకున్నంత తొందరగా అయిపోదు.

ప్రశ్న: మాకు బోరు నీళ్లు, టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 1,100. వంటింట్లో ఆర్‌ఓ ఉంది, దాంట్లోంచి వచ్చేది 60. అది చాలా? రాళ్ల నిండా గోధుమ రంగు పాచి. నత్తలు కూడా కదలట్లేదు. (రిటైర్డ్ ఉద్యోగి, మడిపాక్కం)

జవాబు: చాలదండి. 60 తాగడానికి బాగుంటుంది, రీఫ్ ట్యాంక్‌కి సున్నా కావాలి. ఆ 60లో సిలికేట్, నైట్రేట్, ఫాస్ఫేట్ ఏవి ఎంతున్నాయో మీటరు చెప్పదు, రోజూ రెండు మూడు లీటర్లు పోస్తుంటే అవి పేరుకుంటూనే ఉంటాయి. మీ గోధుమ పాచికి సిలికేట్ ఒక మేత. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ ఉన్న గొట్టం ఒకటి తగిలించుకుంటే సున్నాకి వస్తుంది. మీ బోరు లెక్కకి రెజిన్ త్వరగానే అయిపోతుంది, దానికి సిద్ధపడండి.

అంతకన్నా ముఖ్యం, ఆ మెషిన్ మీద కాపర్ అని రాసుందేమో చూడండి. ఈమధ్య వంటింటి ప్యూరిఫయర్లలో చాలావాటికి రాగి కలిపే కార్ట్రిడ్జ్ పెడుతున్నారు. మనకి రాగి చెంబులో నీళ్లు మంచివంటారు, కోరల్స్‌కి, రొయ్యలకి, నత్తలకి అది విషం. చేప జబ్బుకి వేసే రాగి మందు కూడా ఈ ట్యాంక్‌లో వెయ్యకూడదు. ఒకసారి రాళ్లలోకి ఇంకిందంటే మళ్లీ మళ్లీ బయటికొస్తుంటుంది. మీ నత్తలు కదలట్లేదని రాశారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ప్రశ్న: అన్నా, నాది పీజీ రూమ్‌లో 40 లీటర్ల నానో ట్యాంక్. సాఫ్ట్ కోరల్స్ మాత్రమే. ఆల్కలినిటీ 7కి పడిపోయింది, యూట్యూబ్‌లో 9 ఉండాలన్నారు. రోజూ ఆల్కలినిటీ పెంచే బఫర్ వేస్తున్నా, పొద్దున 9, రాత్రికి ఇంకెంతో. నైట్రేట్ సున్నా చేశా. అయినా జీనియా అనే సాఫ్ట్ కోరల్ కరిగిపోతోంది. వీటిని కొలిచి పోసే డోసింగ్ పంప్ కొనమంటారా? (విద్యార్థి, గిండి)

జవాబు: తమ్ముడూ, సముద్రంలో ఉన్నదే 7 దగ్గర. పడిపోలేదు, ఉండాల్సిన చోటే ఉంది. 7 నుంచి 11 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, అక్కడే కదలకుండా ఉండాలి. రోజుకి 1 డీకేహెచ్ కన్నా ఎక్కువ కదిలిస్తే రాయి లాంటి కోరల్ కూడా అలుగుతుంది, నువ్వు 40 లీటర్లలో చెంచాతో పోస్తున్నావు. ఆల్కలినిటీని, కాల్షియాన్ని అంతలా లాక్కునేవి అస్థిపంజరం కట్టుకునే హార్డ్ కోరల్స్. నీ దగ్గర అవి లేవు. వారానికి 4 లీటర్లు మార్చుకుంటే అయిపోయేదానికి పంపెందుకు, ఆ డబ్బుతో మంచి థర్మామీటర్ కొనుక్కో.

నైట్రేట్ సున్నా అని సంబరపడకు. జీనియా కాస్త మురికినీళ్ల మొక్కలాంటిది, నువ్వు దాని నోటికాడి కూడు తీసేశావు. 5, 10 పీపీఎం ఉండనీ. ఫాస్ఫేట్ తీసే పొడి వాడుతుంటే ఆపెయ్. ఒక నెలపాటు నీళ్లు మార్చడం, ఆవిరైనది పొయ్యడం తప్ప ఏ సీసా మూతా తియ్యకు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా అమ్మ నన్ననేది, ఈ ట్యాంక్ పెట్టాక ఆ మాట ఇంకా ఎక్కువైంది.

ప్రశ్న: హార్డ్ కోరల్స్ రామేశ్వరం వైపు నుంచి తెచ్చిస్తానని ఒకాయన అంటున్నాడు, ధర తక్కువే. బతికున్న రాళ్లు (జీవులు పట్టిన సముద్రపు రాళ్లు) కూడా ఇస్తాడట. తీసుకోవచ్చా? (చిరు వ్యాపారి, షావుకారుపేట)

జవాబు: వద్దు. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితా అదే. సముద్ర గుర్రాలు, సీ ఫ్యాన్లు (విసనకర్ర లాంటి పగడాలు) కూడా. దొరికితే 3 నుంచి 7 ఏళ్ల జైలు రాసుంది. ఆయన చెప్పే బతికున్న రాయి కూడా చాలావరకు పగడపు అస్థిపంజరమే. అక్కడ రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న 21 దీవుల్ని 1986లో మెరైన్ నేషనల్ పార్క్ చేశారు, అంతకుముందు సున్నానికీ ఇళ్లకీ పగడాన్ని తవ్వుకుపోయినంత పోయారు, ఇంకా మన హాలు అలంకారానికి కూడా కావాలా? సిరామిక్ రాయి కొనండి, ఏడాది తిరిగేసరికి దాని మీద ఊదారంగు కోరలైన్ ఆల్గే పడితే పాత రాయికి ఏం తీసిపోదు. సాఫ్ట్ కోరల్స్ తీసుకున్నా సరే, ట్యాంక్‌లో పెంచి ముక్క తీసి ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి, బిల్లు అడగండి.

ప్రశ్న: సంక్రాంతికి ఐదు రోజులు నెల్లూరు వెళ్లాలి. ట్యాంక్ పెట్టినప్పటి నుంచి ఊరెళ్లలేదు. పక్కింటివాళ్లకి మేత డబ్బా ఇచ్చి వెళ్లొచ్చా? కరెంటు పోతే ఎలాగ అని టెన్షన్. (టీచర్, అంబత్తూరు)

జవాబు: డబ్బా ఇవ్వకండి. పాపం ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు, మీరొచ్చేసరికి నీళ్లు కుళ్లిపోయి ఉంటాయి. పెద్ద చేపలు రెండు మూడు రోజులు తినకపోయినా ఏం కాదు. చిటికెడు చొప్పున రెండు పొట్లాలు కట్టి, ఏ రోజు ఏదో రాసి, అవే ఇవ్వండి. ఆవిరైన నీళ్లని దానంతటదే నింపే ఆటో టాప్ఆఫ్ పెట్టుకోండి. వెళ్లే వారంలో కొత్తది ఏదీ కొనకండి, ఏదీ సర్దకండి.

కరెంటు గురించి నా కథ వినండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి మా వీధిలో దాదాపు మూడు రోజులు కరెంటు లేదు. నేను ఘనంగా ఇన్వర్టర్‌కి పంపు, లైటు, నురగతో మురికి తీసే స్కిమ్మర్ అన్నీ తగిలించి ఉంచాను, అర్ధరాత్రికే బ్యాటరీ అయిపోయింది. తెల్లవార్లూ మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాను. టాంగ్ అనే పెద్ద చేప పోయింది. పెద్ద చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, ముందు పొయ్యేది అదే. కోరల్స్ చీకట్లో మూడు రోజులు ఉన్నా ఏం కాలేదు. అప్పట్నుంచి ఇన్వర్టర్ మీద నీళ్లని కదిలించే పదిహేను వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే ఉంటుంది, దానితో బ్యాటరీ ఒక రోజు సులువుగా లాగుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యేది దొరుకుతుంది, అదీ పెట్టుకోండి. సంక్రాంతి రోజుల్లో ఎండ బాధ లేదు కాబట్టి మీరు హాయిగా రైలెక్కండి.

ప్రశ్న: రాయి మీద జోవాంతిడ్స్ విపరీతంగా పాకాయి. మా ఆవిడ రాయి తీసి వేడినీళ్లలో మరిగించి బ్రష్‌తో రుద్దేద్దామంటోంది. (పాఠకుడు, తాంబరం)

జవాబు: ఆ గిన్నె పొయ్యి మీదికి ఎక్కనివ్వకండి. జోవాంతిడ్స్‌లో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, మరిగిస్తే ఆవిరితో గాల్లోకి లేస్తుంది, ఇంట్లో వాళ్లంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. రాయిని నీళ్లలోనే ఉంచి, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని కావలసినంత ముక్క విడదీసి ఎవరికైనా ఇచ్చెయ్యండి. చేతికి గాయముంటే అసలు ముట్టుకోకండి.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు, క్లౌన్ ఫిష్ జంట కావాలని ఏడుస్తోంది. ఒకటి మగ, ఒకటి ఆడ అని షాపులో ఎలా అడగాలి? అవి దాక్కునే ఎనిమోన్ అనే పువ్వు లాంటి జీవి కూడా కొనాలా? ట్యాంక్ నీళ్లు నింపి పది రోజులైంది. (తల్లి, కోడంబాక్కం)

జవాబు: పది రోజులకే చేపలు వద్దు. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే కొనండి. ఎనిమోన్ అక్కర్లేదు, కొత్త ట్యాంక్‌లో అది బతకదు, బతికినా నడుచుకుంటూ వెళ్లి పంపులో ఇరుక్కుంటుంది. క్లౌన్లు లెదర్ కోరల్‌లోనే దొర్లుతుంటాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు క్లౌన్ ఫిష్‌ని తొట్టెల్లో పిల్లలు పెట్టించడం ఎప్పుడో సాధించారు, కాబట్టి పెంచిన పిల్లలనే అడిగి తీసుకోండి.

మగ, ఆడ అడగక్కర్లేదు. అన్నీ మగగానే మొదలవుతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది రెండు పిల్లల్ని కొనండి, పెత్తనం చేసేది మెల్లగా ఆడదవుతుంది, రెండోది మగగానే ఉండిపోతుంది. పాప ఇప్పుడే పేర్లు పెట్టేస్తే తర్వాత మార్చాల్సి రావచ్చని మాత్రం చెప్పి ఉంచండి.