పది తర్వాత పిల్లలు ఎక్కడికి వెళ్లారు? రిజిస్టరు రాయడంపై పాఠకుల ప్రశ్నలు

పదో తరగతి పూర్తయిన పిల్లల వివరాలు ఎలా రాసి పెట్టుకోవాలని ఈ మధ్య చాలామంది ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులు అడుగుతున్నారు. ఒకే సందేహం పలువురు అడిగినచోట ఒక్క ప్రశ్నగా కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఏటా 60 మందికి పైగా పిల్లలు మా ఉన్నత పాఠశాల నుంచి బయటికి వెళ్తారు. ఎవరు ఎక్కడ చేరారో రాయడానికి రిజిస్టరు పెట్టాలనుకుంటున్నాం. ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏమేం రాయాలి? – ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

ఫలితాలు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. అప్పటికి పిల్లలు బడికి రావడం మానేస్తారు, సగం ఫోన్ నంబర్లు పనిచేయవు. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) సరిచూసే రోజుల్లోనే ఒక పేజీ తెరవండి. పేరు, పుట్టిన తేదీ అడ్మిషన్ రిజిస్టరుతో పోల్చి చూసే పని ఎలాగూ అప్పుడే జరుగుతుంది. అదే వరుసలో అడ్మిషన్ నంబరు, పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా నంబరు) రాయండి. హాల్‌టికెట్ నంబరు వచ్చాక దాన్నీ చేర్చండి. ఆ తర్వాత మూడు ఫోన్ నంబర్లు కావాలి: తల్లిది, తండ్రిది, ఇంటి బయటివారు ఒకరిది. మేనమామదైనా పక్కింటివారిదైనా సరే, ఆ మూడోది మాత్రం వదలొద్దు. ప్రీపెయిడ్ సిమ్ రీచార్జి చేయక ఆగిపోతే ఇంట్లో రెండు నంబర్లూ ఒకేసారి పోతాయి, పక్కింటి నంబరు మిగులుతుంది. చిరునామా కింద ఊరి పేరొక్కటే రాస్తే సరిపోదు. ఏ వీధో, ఏ గుడి దగ్గరో, ఏ ట్యాంకు పక్కనో కూడా రాయండి.

పిల్లవాడు ఏం చేస్తున్నాడో రాసే గడిలో ‘చదువు’ అన్న ఒక్క మాట సరిపోదు. ఇంటర్ అయితే కాలేజీ పేరు, గ్రూపు (ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ, ఒకేషనల్) రాయాలి. పాలిటెక్నిక్ అయితే బ్రాంచి, ఐటీఐ అయితే ట్రేడు. ట్రిపుల్ ఐటీ, వ్యవసాయ పాలిటెక్నిక్, ఓపెన్ స్కూలు వేరువేరుగా ఉండాలి. పనికి వెళ్తుంటే ఏ పని, ఏ ఊళ్లో, ఎవరితో కలిసి వెళ్లారు అన్నవి ముఖ్యం. ఇవన్నీ రాశాక మరో గడి మిగులుతుంది, చాలా రిజిస్టర్లలో అదే ఉండదు: ‘ఈ సంగతి ఎవరు చెప్పారు?’ పిల్లలే చెప్పారా, తల్లిదండ్రులా, స్నేహితులా, కాలేజీవారా అన్నది తేదీతో సహా రాయండి. తోటి పిల్లలు చెప్పిన మాట మీద రాసినదాన్ని తర్వాత ఎవరో ఒకరు ఇంటివారితో సరిచూడాలి.

పిల్లలు తమంతట తామే బడికి వచ్చే సందర్భాలు మూడు ఉంటాయి: టీసీకి, స్టడీ సర్టిఫికెట్లకు, ఒరిజినల్ మెమోకు. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌కు 4 నుంచి 10 వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు కాబట్టి పాలిటెక్నిక్‌కు వెళ్లేవారు తప్పకుండా వస్తారు. సర్టిఫికెట్ ఇచ్చే పుస్తకంలో సంతకం పక్కనే ‘ఎక్కడ చేరుతున్నారు, ఇప్పటి ఫోన్ నంబరు’ అని రెండు గడులు గీయండి. ఆఫీసులో ఉండే జూనియర్ అసిస్టెంటుకు ఈ సంగతి చెప్పి ఉంచితే మీ పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: జూన్‌లోనే లెక్క తీసి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఇచ్చాం. సెప్టెంబరులో చూస్తే సగం మారిపోయింది. ఏ తేదీకి లెక్క తీయాలి? – స్కూల్ అసిస్టెంట్, నాగర్‌కర్నూల్ జిల్లా

జూన్ లెక్కలో ఉండేది పిల్లల ఆలోచన మాత్రమే, వాళ్లు చేరినచోటు కాదు. 2025లో పది ఫలితాలు ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 23న, తెలంగాణలో ఏప్రిల్ 30న వచ్చాయి. ఆ తర్వాత సప్లిమెంటరీ, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ విడతలు, ఐటీఐ విడతలు, ఇంటర్ ప్రవేశాల గడువు పొడిగింపులు వరసగా నడుస్తాయి. జూన్‌లో ఇంటర్‌లో చేరిన పిల్ల ఆగస్టులో పాలిటెక్నిక్ సీటు రాగానే మారిపోతుంది. కాలేజీ హాజరు పట్టీలో మాత్రం ఆమె పేరు ఇంకా ఉంటుంది. ఇద్దరు గుమస్తాలు చెరోచోట లెక్కేస్తే ఒకే పిల్ల రెండుసార్లు వస్తుంది.

సెప్టెంబరు 30ని పెట్టుకోండి. యూడైస్ (దేశమంతటా బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ వ్యవస్థ) లెక్కకు చాలా ఏళ్లు అదే తేదీ ఆధారంగా ఉండేది కాబట్టి అందరికీ అలవాటే. ఫోన్లు చేయడానికి రెండు వారాలు పట్టినా ఫరవాలేదు, ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే: ‘సెప్టెంబరు 30న ఎక్కడున్నారు?’ రెండో లెక్క ఫిబ్రవరిలో తీయండి. ఇంటర్ మొదటి ఏడాది పరీక్ష ఫీజు కట్టారో లేదో అప్పటికి తేలిపోతుంది. పేరు కాలేజీలో ఉండి, మనిషి పనిలో ఉన్న పిల్లలు బయటపడేది ఆ ఫీజు దగ్గరే.

స్కాట్లాండ్‌లో బడి వదిలిన పిల్లల స్థితిని సుమారు మూడు నెలలకు ఒకసారి, తొమ్మిది నెలలకు మరోసారి చూస్తారు. ఇంగ్లండ్ లెక్కలో అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలూ కొనసాగితేనే ‘నిలిచినట్టు’ రాస్తారు. మన సెప్టెంబరు, ఫిబ్రవరి లెక్కలు రెండూ కలిస్తే దాదాపు ఆ పనే చేస్తాయి.

ప్రశ్న: మా స్కూలు నుంచి 89 శాతం పిల్లలు పైచదువుకు వెళ్లారని మేం రాశాం. తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ 78 శాతమే అంటున్నారు. ఏది నిజం? – గణిత ఉపాధ్యాయుడు, వైఎస్సార్ కడప జిల్లా

మీ అంకెలు మాకు పంపలేదు కాబట్టి ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. పదిలో పేరు ఉన్నవారు 64 మంది, పరీక్ష రాసినవారు 60. మార్చిలో 51 మంది, సప్లిమెంటరీలో 5 మంది, మొత్తం 56 మంది పాసయ్యారు. సెప్టెంబరు 30న ఇంటర్‌లో 38, పాలిటెక్నిక్‌లో 6, ఐటీఐలో 4, ట్రిపుల్ ఐటీలో 2, అంటే 50 మంది చదువుతున్నారు. పనిలో 5, ఇంటి దగ్గర 4, జాడ తెలియనివారు 5.

50ని 56తో భాగిస్తే 89 శాతం. జాడ తెలిసిన 59 మందితో భాగిస్తే 85. పేరున్న 64 మందితో భాగిస్తే 78. మూడూ కూడిక తప్పులు కావు, కానీ మొదటిది వాడకండి. పరీక్షే రాయని నలుగురు, తప్పిన నలుగురు అందులో కనిపించరు. ఎవరి కోసం రిజిస్టరు పెట్టామో వాళ్లే లెక్కలోంచి జారిపోతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. వెల్డరు, వైర్‌మన్ లాంటి ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు. ఐటీఐలో చేరిన నలుగురిలో ఒకరు పది తప్పినవాడే అయితే, అతను పై 50లో ఉంటాడు, కింది 56లో ఉండడు. అలాంటి భిన్నం అసలు శాతమే కాదు.

పేరున్న 64 మందితోనే భాగించండి. జాడ తెలియని ఐదుగురినీ ‘చదవడం లేదు’ కింద కలపొద్దు, లెక్కలోంచి తీసేయనూ వద్దు. ఆ ఐదుగురిలో ఒక్కరూ చదవకపోతే 78, అందరూ చదువుతుంటే 86. కాబట్టి ‘78 నుంచి 86 మధ్య, ఐదుగురి జాడ తెలియదు’ అని రాయడమే సరైన పద్ధతి. పై అధికారి ఒక్క అంకె అడిగితే 78 ఇవ్వండి. ఈ లెక్కన మీ చైర్మన్ గారివైపే మొగ్గుతున్నాం.

ప్రశ్న: ఫోన్ చేస్తే తల్లిదండ్రులు ‘చదువుతున్నాడు సార్’ అని పెట్టేస్తారు. తర్వాత చూస్తే పిల్లాడు మెకానిక్ షెడ్డులో ఉంటాడు. – తరగతి ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

‘చదువుతున్నాడా?’ అని అడిగితే ‘ఆఁ’ అనే జవాబే వస్తుంది. బడి నుంచి ఫోన్ వస్తే ఏదో తప్పు పట్టుకోవడానికే అని చాలా ఇళ్లలో భయం. ‘బాగున్నారా అమ్మా? బాబు ఒరిజినల్ మెమో తీసుకున్నాడా?’ అని మొదలుపెట్టండి. తర్వాత ‘ఈ వారం కాలేజీకి ఎన్ని రోజులు పోయాడు? బస్సులో పోతాడా, హాస్టల్లో ఉన్నాడా?’ అని అడగండి. నిజంగా వెళ్తుంటే బస్సు టైము, పాసు ధర కూడా చెప్పేస్తారు. వెళ్లకపోతే ఇక్కడే తడబడతారు. తడబడినప్పుడు నిలదీయొద్దు. ‘పనికి పోతున్నా ఫరవాలేదమ్మా, ఓపెన్ స్కూలు గడువు చెబుదామని చేశాను’ అంటే అసలు సంగతి వాళ్లే చెబుతారు. అలా అన్నాక ఆ గడువు నిజంగానే కనుక్కుని మళ్లీ ఫోన్ చేయాలి. చేయకపోతే వచ్చే ఏడాది మీ ఫోన్ ఎత్తరు.

పగలు చేసిన ఫోన్లు ఎక్కువ వృథా. రాత్రి ఏడు దాటాక, లేదా ఆదివారం పొద్దున చేయండి. 60 మంది పిల్లల్ని ముగ్గురు పంచుకుంటే మనిషికి 20 ఫోన్లు. ఆ పిల్లలకు పాఠం చెప్పినవారే చేయాలి, కొత్తగా బదిలీపై వచ్చినవారు చేస్తే సమాధానాలు ముక్తసరిగా ఉంటాయి. వేరువేరు రోజుల్లో మూడుసార్లు చేసినా ఎత్తకపోతే మూడో నంబరుకు, ఆ తర్వాత తోటి పిల్లలకు. అప్పటికీ తెలియకపోతే ‘జాడ తెలియదు’ అని రాసి తేదీ వేయండి.

ప్రశ్న: యూడైస్ ప్లస్‌లో పిల్లల పెన్ నంబర్లు ఉన్నాయి, అపార్ (విద్యార్థి గుర్తింపు నంబరు) కూడా వచ్చింది. ఇంకా చేతి రిజిస్టరు ఎందుకు? – సీఆర్‌పీ, విజయనగరం జిల్లా

పెన్ నంబరు 11 అంకెలది, అపార్ 12 అంకెలది. మీరు పాసైనట్టు నమోదు చేసి వదిలిన పిల్లవాడు డ్రాప్‌బాక్స్‌లోకి (ఏ బడి జాబితాలోనూ ఇంకా చేరని పిల్లల జాబితాలోకి) వెళ్తాడు. జూనియర్ కాలేజీ అతని పెన్ నంబరుతో తమ జాబితాలోకి తీసుకునేదాకా అక్కడే ఉంటాడు. కాలేజీ ఆలస్యం చేస్తే డిసెంబరులోనూ డ్రాప్‌బాక్స్‌లోనే కనిపిస్తాడు. అసలు చిక్కు ఇంకోటి. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు యూడైస్ పరిధిలో లేవు. అక్కడ చేరిన పిల్లలను ఎవరూ డ్రాప్‌బాక్స్‌లోంచి బయటికి లాగరు. మంచి ర్యాంకుతో పాలిటెక్నిక్‌కు వెళ్లిన పిల్ల, చదువు మానేసిన పిల్ల తెరమీద ఒకేలా కనిపిస్తారు. డ్రాప్‌బాక్స్ జాబితాను ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే జాబితాగా వాడుకోండి, చదువు మానేసినవారి జాబితాగా పైకి పంపొద్దు.

ప్రశ్న: ఆడపిల్లల దగ్గర ‘ఇంట్లోనే ఉంది’ అని రాస్తున్నాం. చాలదా? – ఉపాధ్యాయిని, వికారాబాద్ జిల్లా

చాలదు. ఒక పిల్ల లెక్కల్లో తప్పి ఇంట్లో ఉంటుంది, ఇంకో పిల్ల కాలేజీకి బస్సు లేక, మరొకతె చిన్నపిల్లల్ని చూసుకుంటూ, వేరొకతె పెళ్లి కుదిరి. మొదటి పిల్లకు సప్లిమెంటరీ లేదా ఓపెన్ స్కూలు, రెండో పిల్లకు హాస్టలు ఉన్న కేజీబీవీ (కస్తూర్బా బాలికా విద్యాలయం) ఇంటర్ సీటు పనికొస్తాయి. ‘ఇంట్లోనే’ అన్న మాట చూసి ఎవరికి ఏది చెప్పాలో తెలియదు, కాబట్టి పక్కన కారణం రాయండి. పది పాసైన పిల్లకు సాధారణంగా 15 లేదా 16 ఏళ్లు. 18 నిండకుండా పెళ్లి 2006 బాల్యవివాహాల నిషేధ చట్టానికి విరుద్ధం. పెళ్లి మాట తెలిస్తే రిజిస్టరులో రాసి ఊరుకోకుండా అదే రోజు చైల్డ్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. ఆ సంగతి ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, ఊళ్లోకి పాకితే పెళ్లి ముందుకు జరుపుతారు.

ప్రశ్న: చేరినవారి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లతో ఫ్లెక్సీ వేయొచ్చా? – ప్రైవేటు పాఠశాల కరస్పాండెంట్, గుంటూరు

ఫోన్ నంబర్లు వద్దు. పేరు, ఫొటో వేయాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివారు పిల్లలే. 64 మందిలో నలుగురి ఫొటోలు వేసి ‘మా ఫలితం’ అనడం ప్రకటన అవుతుంది, ఈ శీర్షిక దానికి సాయం చేయదు.

ప్రశ్న: ఎక్సెల్‌లో రాస్తున్నాం. అపార్ నంబర్లు 1.23 అని ఏదోలా మారిపోతున్నాయి. – కంప్యూటర్ ఆపరేటర్, కాకినాడ

ఎక్సెల్ 12 అంకెల సంఖ్యను కుదించి చూపిస్తుంది. నంబర్లు నింపకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చండి. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి, లేకపోతే 5/9 మే తొమ్మిదో, సెప్టెంబరు అయిదో ఎవరికీ తెలియదు. సెప్టెంబరు గడిని చెరిపి దానిమీదే ఫిబ్రవరి వివరం రాయొద్దు, పక్కన కొత్త వరుస తెరవండి. ఎవరు ఎప్పుడు మారారో తెలిసేది రెండూ పక్కపక్కన ఉంటేనే. ఆధార్ నంబరు ఈ పట్టికలో అవసరం లేదు.

ప్రశ్న: మా మండలం నుంచి కుటుంబాలు మిరపకాయ కోతకు గుంటూరు వైపు వెళ్తాయి. ఫిబ్రవరిలో ఊరే ఖాళీగా ఉంటుంది. రెండో లెక్క ఎలా తీయాలి? – ప్రధానోపాధ్యాయుడు, కర్నూలు జిల్లా

మీ దగ్గర ఫిబ్రవరి పనిచేయదు, వలస మొదలయ్యే ముందే ఒకసారి చూడండి. ఎవరి మేస్త్రీ వెంట, ఏ ఊరికి వెళ్తున్నారో, ఆ మేస్త్రీ ఫోన్ నంబరుతో సహా అప్పుడే రాయండి. ఒక మేస్త్రీకి చేసిన ఒక్క ఫోన్‌తో అయిదారు కుటుంబాల సంగతి తెలుస్తుంది. కోతకు వెళ్లిన పిల్లవాడిని వెంటనే ‘పని’ కింద మార్చొద్దు. ‘కాలేజీలో పేరు ఉంది, వలసలో ఉన్నాడు’ అని వేరే గుర్తు పెట్టి, పరీక్ష ఫీజు కట్టాడా లేదా అన్నది కాలేజీలో అడగండి. ఫీజు కట్టి ఉంటే హాల్‌టికెట్లు వచ్చే వారంలో మేస్త్రీకి ఇంకోసారి ఫోన్ చేసి, మొదటి పరీక్ష తేదీ ఆ కుటుంబానికి చేరేలా చూడండి.