కిడ్నీ జన్యువుల మీద పీహెచ్‌డీకి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. పిండంలో కిడ్నీ తయారయ్యేటప్పుడు జన్యువులను నడిపించే ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఇప్పటినుంచే ఎలా సిద్ధం కావాలి?

జవాబు: చాలా మంచి అంశం ఎంచుకున్నారు. ముందు పాక్స్2ను క్షుణ్ణంగా చదవండి. డీఎన్‌ఏను పట్టుకుని జన్యువులను నడిపించే ప్రొటీన్ అది. దానికి పీటీఐపీ అనే ప్రొటీన్ తోడైతే, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3 ప్రొటీన్‌లో నాలుగో లైసిన్ మీద మిథైల్ గుర్తులు పడి జన్యువు పనిలోకి దిగుతుంది. జీఆర్‌జీ4 అనే మరో ప్రొటీన్ తోడైతే అదే పాక్స్2 జన్యువును అణిచేస్తుంది. ఈవైఏ1 అనే తోడు ప్రొటీన్ సంగతి వేరు. అది సొంతంగా డీఎన్‌ఏను పట్టుకోలేదు, సిక్స్1 లాంటి జత కావాలి. ఈవైఏ1, సిక్స్1లలో ఏ జన్యువు దెబ్బతిన్నా చెవి, మెడ, కిడ్నీ లోపాలుండే బ్రాంకియో-ఓటో-రీనల్ సిండ్రోమ్ రావచ్చు.

ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ప్రయోగాల దగ్గరే. అందుకే మీ ప్రాజెక్టులో కో-ఐపీ (ఒక ప్రొటీన్‌ను యాంటీబాడీతో బయటికి లాగి, దానితో జతకట్టి ఏది వచ్చిందో చూసే పరీక్ష) తప్పక చేయండి. పిండం కిడ్నీ కణజాలం దొరకడం కష్టం కనుక ల్యాబ్‌లో పెంచే హెక్293 మానవ కణాల్లో ట్యాగ్ తగిలించిన ప్రొటీన్లతో మొదలుపెట్టండి. ఒక్కో ఐపీకి 500 మైక్రోగ్రాముల నుంచి 1 మిల్లీగ్రాము ప్రొటీన్ తీసుకోండి. ఇన్‌పుట్ (ఐపీకి ముందు పక్కన పెట్టిన నమూనా), మామూలు ఐజీజీ (మీ ప్రొటీన్‌ను ప్రత్యేకంగా పట్టని యాంటీబాడీ) కంట్రోల్ లేని బ్లాట్‌ను (ప్రొటీన్లను బ్యాండ్లుగా చూపే పొర) ఎవరూ నమ్మరు. డీఎన్‌ఏను కోసే న్యూక్లియేజ్ కలిపి కూడా ఒకసారి చేయాలి. లేకపోతే ఒకే డీఎన్‌ఏ ముక్కకు విడివిడిగా అతుక్కున్న రెండు ప్రొటీన్లు జతకట్టినట్టే కనిపిస్తాయి. యాంటీబాడీ హెవీ చైన్ 50 కిలోడాల్టన్ల దగ్గర పడుతుంది, పాక్స్2 బ్యాండ్ కూడా దాదాపు అక్కడే. అందుకని ఐపీకి కుందేలు యాంటీబాడీ వాడితే బ్లాట్‌కు ఎలుకది వాడండి.

చిప్‌లో (ప్రొటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చుందో చూసే పరీక్ష) ప్రొటీన్లను డీఎన్‌ఏకు బిగించడానికి మామూలుగా 1 శాతం ఫార్మాల్డిహైడ్, 10 నిమిషాలు. తోడు ప్రొటీన్లు డీఎన్‌ఏను నేరుగా తాకవు కాబట్టి చాలాసార్లు ఇది సరిపోదు. ముందు డీఎస్‌జీ అనే రసాయనంతో ప్రొటీన్లను ఒకదానికొకటి బిగించి, ఆ తర్వాత ఫార్మాల్డిహైడ్ వేయాలి. అతిగా బిగిస్తే సోనికేషన్‌లో (శబ్ద తరంగాలతో తెంపడం) క్రోమాటిన్ (డీఎన్‌ఏ, ప్రొటీన్లు కలిసిన పోగు) 200-500 బేస్ జతల ముక్కలుగా తెగదు.

పరీక్షల్లో ముఖ్యమైనది సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్. మొత్తం 200 మార్కుల్లో 100 పార్ట్-సీవే. 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోటి 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. తెలిసినవే ముట్టుకోండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (ఈ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం.

ల్యాబ్ వెతికేటప్పుడు కిడ్నీ అన్న మాట కోసమే చూడకండి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థల్లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో క్రోమాటిన్, పిండాభివృద్ధి మీద పనిచేసేవారి ఇటీవలి పేపర్లు చదివి మెయిల్ రాయండి. మీ బ్లాట్‌ను కత్తిరించకుండా, కంట్రోళ్లతో సహా జతచేయండి.