భుజం కుదిరిందా, మిగతాది టైలర్ చూసుకుంటాడు

ఒరేయ్ అల్లుడూ,

మీ అమ్మ వాట్సాప్‌లో నీ ఆఫీసు ఫోటో పంపింది. ఐడీ కార్డు మెడలో వేసుకుని నిలబడితే మనసు నిండిపోయింది. కానీ 30 ఏళ్లు మెడలో టేపు వేసుకుని బతికినవాణ్ణి కదా, నా కళ్లు నేరుగా చొక్కా మీదకే పోయాయి. భుజం కుట్టు జబ్బ మీదకి జారింది, బెల్టు పైన గుడ్డంతా ఉబ్బిపోయింది, కఫ్ వచ్చి బొటనవేలి మొదట్లో కూర్చుంది. ఐదు చొక్కాలున్నాయనీ, అన్నీ లూజేననీ, ఆల్టరేషన్‌కి ఇస్తే బాగవుతాయా లేక డబ్బులు దండగా అనీ అమ్మని అడిగావట. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్కొక్కటీ వేసుకుని, మెడ గుండీతో సహా అన్నీ పెట్టుకుని అద్దం ముందు నిలబడు. భుజం చివర తడిమి చూస్తే గట్టిగా ఎముక తగులుతుంది. చొక్కా చెయ్యి అతికిన కుట్టు ఆ ఎముక మీద ఉండాలి. పావు అంగుళం అటూ ఇటూ అయితే పట్టించుకోకు. అంతకన్నా బాగా కిందకి జారిందంటే అది నీ సైజు కాదు, బిల్లు ఉంటే వెళ్లి మార్చుకో. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, భుజం తగ్గించాలంటే రెండు చేతులూ పూర్తిగా విప్పాలి, భుజం దగ్గర గుడ్డ కోసి చంక గుండ్రం మళ్లీ గీసుకోవాలి, చేతిని మళ్లీ ఎక్కించాలి. ఒక పూట పడుతుంది. వీధి చివర ఆల్టరేషన్ మిషను పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఆ పని ముట్టుకోరు, ముట్టుకున్నవాళ్లలో కూడా చంక దగ్గర ముడతలు రాకుండా ఎక్కించేవాళ్లు తక్కువ.

కాలర్ కూడా అంతే. మెడ గుండీ పెట్టాక లోపలికి రెండు వేళ్లు దూరాలి. కొంచెం బిగుతుగా ఉంటే గుండీ పావు అంగుళం జరపొచ్చు, అంతకు మించి జరిపితే కాలర్ కొసలు రెండూ సమానంగా కూర్చోవు. రెడీమేడ్ చొక్కా కాలర్ లోపల 39, 40, 42 అని ఉంటుంది చూడు, అది సాధారణంగా సెంటీమీటర్లలో మెడ కొలత. చాలామంది దాన్ని ఛాతీ కొలత అనుకుని కొనేస్తారు. ఈసారి టేపు మెడకి చుట్టి చూసుకునే వెళ్లు.

ఇప్పుడు అసలు మాట. ఉతక్కుండా ఏ చొక్కా మీదా కత్తెర పెట్టనివ్వకు. కాటన్ గుడ్డ మొదటి రెండు మూడు ఉతుకుల్లో కుదించుకుపోతుంది, లినెన్ కూడా అంతే, మన మంగళగిరి గుడ్డతో కుట్టించుకున్నవాళ్లని అడిగినా ఇదే చెబుతారు. 100కి 2, 3 వంతులు తగ్గినా 24 అంగుళాల చెయ్యి అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా పోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మీ నాన్న పెళ్లి కొత్తలో ఒక తెల్ల కాటన్ చొక్కా తెచ్చి, మర్నాడే వేసుకోవాలి బావా, చేతులు పొడుగయ్యాయి అన్నాడు. నేనప్పుడు షాపు పెట్టి ఆరు నెలలు. కఫ్ విప్పి, అంగుళం కోసి, రాత్రికి రాత్రే కుట్టి ఇచ్చాను. ఆ రోజు చక్కగా కుదిరింది. రెండు ఉతుకులయ్యేసరికి కఫ్ మణికట్టు ఎముక పైకి ఎక్కేసింది. కోసేసిన గుడ్డ మళ్లీ ఎక్కణ్ణుంచి తేను? మీ నాన్న ఒక్క మాట అనలేదు, ఆ చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి వేసుకునేవాడు. ఆ మడతలు కనబడినప్పుడల్లా నాకు లోపల కలుక్కుమనేది. ఆ తర్వాత ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే, ఉతికారా అని. లేదంటే వెనక్కి పంపేవాణ్ణి, కోపం తెచ్చుకున్నా సరే.

సైడ్లు లూజుగా ఉంటే మాత్రం టెన్షన్ పడకు, అది తేలికైన పని. నీ ఛాతీ 38 ఉందనుకో, చొక్కా చంక కింద చుట్టుకొలత 42 దగ్గర ఉండాలి. సన్నగా కావాలంటే 41 దాకా వెళ్లొచ్చు, అంతకన్నా తగ్గిస్తే కూర్చున్నప్పుడు గుండీల మధ్య నోళ్లు తెరుచుకుంటాయి. ఇప్పటి పిల్లలు ఒంటికి అతుక్కుపోయేలా కుట్టమంటారు, నాకది నచ్చదు. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునేవాడికి నడుము దగ్గర గాలి ఆడాలి. మొత్తం మీద 4 అంగుళాల కన్నా ఎక్కువ తీయాల్సి వస్తే ఆ చొక్కా వదిలెయ్యి, ఎందుకంటే అంత తీస్తే జేబు చంక వైపు జరిగిపోయినట్టు కనిపిస్తుంది.

టైలర్ సైడ్ ఎలా కుడుతున్నాడో చూడు. మంచి చొక్కా తిరగేసి చూస్తే కఫ్ దగ్గర మొదలై చంక మీదుగా కింది అంచు దాకా ఒకటే కుట్టు, గుడ్డ అంచు లోపలికి మడిచి రెండు వరసలుగా ఉంటుంది. తొందర పనివాళ్లు ఆ కుట్టుని అలాగే ఉంచేసి, దాని లోపలగా ఇంకో గీత కుట్టేస్తారు. అప్పుడు చంక కింద లావుగా కట్టు కట్టినట్టయి, వేసవిలో చెమటకి ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది. పాత కుట్టు విప్పి, అర అంగుళం గుడ్డ లోపల వదిలి, మిగిలింది కోసి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి కుట్టమని అడుగు. ఆ అర అంగుళం నీకోసమే, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు. అయితే ముదురు రంగు చొక్కాల్లో విప్పిన చోట పాత సూది చుక్కలు కనబడతాయి, అందుకని వాటిని మరీ బిగించకు.

ముందు వైపు బాగుండి వెనక నడుము దగ్గర మాత్రమే గుడ్డ ఉబ్బితే సైడ్లు ముట్టుకోనక్కర్లేదు, వీపు వెనక రెండు డాట్లు, అంటే గుడ్డ కోయకుండా లోపలికి మడిచి కుట్టే నిలువు మడతలు, వేయిస్తే చాలు. ఒక్కో డాట్ అర అంగుళం మడిస్తే అంగుళం తగ్గుతుంది, రెంటికీ కలిపి 2. గుడ్డ కోయరు కాబట్టి నచ్చకపోతే విప్పేసుకోవచ్చు. గళ్ల చొక్కాకి వద్దు, గళ్లు వంకర తిరుగుతాయి.

చేతుల విషయంలో కోయించే ముందు కఫ్ గుండీ అర అంగుళం లోపలికి జరిపించి చూడు. చాలాసార్లు చెయ్యి పొడుగై ఉండదు, కఫ్ వదులుగా ఉండి కిందకి జారుతుంది, అంతే. గుండీ జరపడం పది నిమిషాల పని. అప్పటికీ పొడుగ్గానే ఉంటే కఫ్ విప్పి తగ్గించాలి, అది కూడా అంగుళం, అంగుళంన్నర వరకే, ఆపైన చేతి చీలిక దగ్గర పట్టీ పొట్టిదైపోతుంది. కొలిచేటప్పుడు మోచెయ్యి మడిచి చూపించు. చెయ్యి వేలాడేసి కొలిపించుకుని, తీరా కంప్యూటర్ ముందు కూర్చున్నాక కఫ్ పైకి పోయిందని బాధపడేవాళ్లని ఎంతమందిని చూశానో. కింద పొడవు జోలికి పోకు, ఆఫీసుకి టక్ చేసుకునే చొక్కా చేతులు పైకెత్తినా ప్యాంటులోంచి బయటకి రాకూడదు.

టైలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆఫీసు ప్యాంటూ బెల్టూ వేసుకునే వెళ్లు. "కొంచెం టైట్ చెయ్యండి" అని చెప్పి వచ్చేయకు, నీ కొంచెం వేరు, అతని కొంచెం వేరు. ఒంటి మీద ఉండగానే పిన్నులు పెట్టించి, కూర్చుని, వంగి చూసుకుని, అప్పుడు సుద్దతో గీయమను. మొదట ఒక్క చొక్కానే ఇవ్వు, ఐదింట్లో నీకు అంతగా ఇష్టం లేనిది. అది ఉతికి వేసుకుని వారం తిరిగాక మిగతావి ఇవ్వు. దసరా దగ్గర పడ్డాక మాత్రం వెళ్లకు, ఆ రద్దీలో ఎంత మంచి పనివాడికైనా చెయ్యి పరిగెడుతుంది.

ఫోటోలో నువ్వు వేసుకున్న తెల్లది అమ్మ నీ మొదటి రోజుకని కొన్నదట. భుజాలు రెండు వేళ్లు కిందకి ఉన్నాయి, ఉతికేశావు కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోడు. దాన్ని అక్కడ ఎవరికీ ఇవ్వకు. ఇంకో రెండు సార్లు ఉతికి, వచ్చే నెల ఊరికి వచ్చేటప్పుడు తీసుకురా. మిషను ఇంకా వసారాలోనే ఉంది, చేతులు నేను విప్పి ఎక్కిస్తాను.

మీ మామయ్య